బుధవారం ఒక్కపొద్దు

మోటారు ఆగిపోయాక గానీ ఇంట్లో ఇన్నాళ్లూ అంత చప్పుడు ఉండేదని పద్మమ్మకు తెలియలేదు. హాల్లో ఈశాన్యం మూల, గోడంత పొడవున్న ఆ అద్దాల తొట్టి వెనక పగలనక రాత్రనక గుర్రుపెడుతూ ఉండేది మోటారు, పైనుంచి నీళ్లు జారే చప్పుడు దానికి తోడు, కొత్తగా వచ్చిన చుట్టాలు వంటింట్లో నల్లా కట్టడం మరిచారేమోనని లేచి వెళ్లి చూసి వచ్చేవాళ్లు, ఇంట్లోవాళ్ల చెవిన మాత్రం పడేది కాదు. ఇప్పుడు ఫ్యాను తిరగడం వినిపిస్తోంది, పడగ్గదిలో మొగుడు నరసింహ గురక వినిపిస్తోంది, గౌడవెల్లి రోడ్డు మీద టిప్పరు గేరు మార్చడం వినిపిస్తోంది, ఒడిలో పెట్టుకున్న ఫోను ఒక్కటే వినిపించడం లేదు. తొట్టికి ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది ఆమె. నీళ్లు ఉన్నాయి, నీలం లైటు వెలుగుతూనే ఉంది, చేప లేదు. పొద్దున్నే సూరారం నుంచి బాలేష్ వచ్చి దాన్ని నీలి డ్రమ్ములోకి దించి ట్రాలీ ఆటోలో శామీర్‌పేట తీసుకుపోయాడు. అక్కడ చెరువు దాటినాక కొత్తగా కట్టిన రిసార్టులో రెండు నిలువుల ఎత్తు ఉప్పునీళ్ల తొట్టి ఉందట, దాని జాతివి ఇంకో రెండు అందులో తిరుగుతున్నాయట. "చేరంగనే ఫోన్ చేస్తనమ్మా" అన్నాడు బాలేష్, ఈ తొట్టి పెట్టిన నాటి నుంచీ నీళ్లు మార్చేదీ ఉప్పు కలిపేదీ అతనే. "చేరంగనే చెయ్యి, తిన్నంక ఇంకోపారి చెయ్యి" అంది పద్మమ్మ. అతను నవ్వాడు. "జాగ మారిన చేప జల్దిన తినదమ్మా, రెండు మూడు రోజులు మూతి గుడ ముట్టదు." ఆమె నవ్వలేదు.

చేరిన ఫోను వచ్చింది. అక్కడి నీళ్లు డ్రమ్ములోకి బొట్టుబొట్టుగా కలుపుతున్నామని, చేప ఆ నీళ్లకు అలవాటు పడ్డాక వదులుతామని చెప్పాడు. ఆ తర్వాత మళ్లీ మాట లేదు. డైనింగ్ టేబుల్ మీద ఆమె అన్నం కంచంలో అలాగే ఉంది, మీద మూత, మూత మీద ఈగ. నరసింహ తిని చెయ్యి కడుక్కుంటూ ఆ కంచం చూసి, "ఏమే, నిన్న గుడ తినలే, ఏందిది?" అన్నాడు. ఒక్కపొద్దు అంది. "నిన్నంటె మంగళారం, మైసమ్మ పేరు మీద అన్నవ్. ఇయ్యాల బుధారం. ఎవరి పేరు మీద?" అన్నాడు ఆయన. వారాలన్నీ ఎవరో ఒక దేవుడి కింద పంచేసి ఉన్నాయి ఆ ఇంట్లో, శుక్రవారం ఎల్లమ్మకు, శనివారం వెంకన్నకు, ఆదివారం మల్లన్నకు, బుధవారం మాత్రం కోడికూర తినడానికి మిగిల్చుకున్న రోజు. పద్మమ్మ తడుముకుంది, ఏ దేవుడూ సమయానికి రాలేదు, "ఉంది లే ఒకల పేరు" అని గొణిగింది, ఆయన ఎక్కువ అడిగే రకం కాదు, పడుకున్నాడు. ఒక్కపొద్దంటే ఒక పూట తినాలి, అదీ తినలేదు ఆమె, మజ్జిగ తాగి ఊరుకుంది. ఎందుకంటే ఆ చేపకు మజ్జిగ కూడా లేదు.

ప్రయాణానికి ముందు మేత పెట్టొద్దన్నాడు బాలేష్. కడుపులో ఏమన్నా ఉంటే డ్రమ్ములో నీళ్లు పాడు చేస్తుంది, అవే నీళ్లు పీల్చి దారిలోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది, మీ ఇష్టం మరి అన్నాడు. మాట న్యాయమైనదే, పద్మమ్మకు తెలుసు, తెలిసినా చెయ్యి ఆడదు కదా. ఆ ఇంట్లో తినకుండా గడప దాటినవాళ్లు లేరు. మేస్త్రీలు పని ముగించుకుని పోతుంటే పిలిచి పెట్టింది, ప్లాటు చూడటానికి వచ్చి కొననని తేల్చి చెప్పినవాడికి కూడా పెట్టింది, తన పెళ్లిలో అప్పగింతలప్పుడు కారు హారన్ కొడుతున్నా వాళ్లమ్మ పెరుగన్నం ముద్దలు ఏడుస్తూనే నోట్లో కుక్కింది, పట్టుచీర మీద పడిన మరక ఇప్పటికీ ఉంది. అంగడికి తోలే బర్రెకు సైతం కుడితి పెట్టి, అది తాగేదాకా నిలబడి, అప్పుడు పలుపు చేతికిచ్చేవాడు ఆమె తండ్రి, బాపు. మరి దీన్ని? మొన్నటి సాయంత్రం నుంచి ఎప్పుడు హాల్లోకి వచ్చినా అది మూతి నీళ్ల పైకి తెచ్చి చప్పరించేది, అటు పోతే అటు, ఇటు పోతే ఇటు, వంటింటి గుమ్మం కనిపించే మూలకు చేరి ఆ గుండ్రటి కన్ను తన మీదే పెట్టి. పద్మమ్మ పెరటి తలుపు నుంచి తిరిగి తిరిగి పోయింది నిన్నంతా, సొంత ఇంట్లో అప్పులవాడికి మొహం చాటేసినట్టు. రాత్రి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అది పస్తు ఉంటే తను తినడం ఏం బాగుంటుంది అనుకుంది, అంతకంటే గొప్ప ఆలోచనేం లేదు ఆ ఒక్కపొద్దు వెనక.

నిజానికి అది తినకపోవడం ఆమెకు కొత్త కాదు. వచ్చిన కొత్తలో అదే గొడవ. తొట్టి పెట్టించింది నరసింహ, ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదని ఒక పంతులు చెప్పాడు, ఈశాన్యంలో బరువుండకూడదని చెప్పే ఇంకో పంతులు వచ్చేసరికి తొట్టి నిండిపోయింది. చేపను తెచ్చింది కొడుకు అన్వేష్, తుర్కపల్లిలో మందుల ల్యాబులో పని, కంపెనీ క్యాబులో పోయి క్యాబులో వస్తాడు, ఆ రోజు క్యాబు దిగుతూ చేతిలో నీళ్ల కవరు పట్టుకొచ్చాడు. అందులో ఎండిన మోదుగాకు ఒకటి పక్కకు ఒరిగి తేలుతోంది. ఆకు తెచ్చినవేందిరా అంది పద్మమ్మ. "ఆకు గాదమ్మా, బ్యాట్‌ఫిష్. ఆకు లెక్క యాక్టింగ్ చేస్తది, వేరేటియి తినకుంట" అన్నాడు వాడు. ఆమెకు వినపడింది బాతు. ఇది బాతు ఎట్లయితదిరా, రెక్కలేవి, ముక్కేది అని అడిగితే వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటూ "అయితది లే" అన్నాడు, అంతే, ఆ రోజు నుంచి దాని పేరు బాతు. నరసింహ అయితే ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లకు తొట్టి ముందు నిలబెట్టి మరీ చెప్పేవాడు, సముద్రపు బాతు, మస్తు దూరం నుంచి తెప్పించినం అని. వాళ్లు తలలూపేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు. అది మాత్రం వచ్చిన నాటి నుంచి ఏమీ ముట్టలేదు, గుళికలు వేస్తే పక్కకు జరిగింది, రొయ్య వేస్తే వెనక్కి పోయింది, ఆకులా నటించి నటించి నిజంగానే ఆకైపోయేటట్టుంది. అన్వేష్ ఆశ వదిలేసుకున్నాడు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పద్మమ్మ స్టూలు వేసుకుని, కొంగు దోపుకుని, రొయ్య తునక వేళ్ల మధ్య పట్టుకుని చెయ్యి నీళ్లలో ముంచింది, ఊరికే అలా ఉంచింది, చంటిపిల్లకు పాలు పట్టేటప్పుడు తొందరపడితే అవుతుందా. చేతికున్న మట్టిగాజులు తొట్టి అంచుకు తగిలి టింగుమన్నాయి. మళ్లీ టింగుమన్నాయి. ఆకు కదిలింది. అడుగు నుంచి వంకరగా లేచి వచ్చి, ఆమె వేళ్లకు మూతి ఆనించి, తునకను లాక్కుని, మళ్లీ ఆకైపోయింది. గాజు మీద గాజు, ఆ చప్పుడు దానికి అన్నం పిలుపు అయిపోయింది అప్పటి నుంచి. చెయ్యి తీసి మూతి తుడుచుకుంటే పెదాలు ఉప్పగా తగిలాయి. పద్మమ్మ సముద్రం చూడలేదు. బాలేష్ ప్యాకెట్లలో తెచ్చి కర్రతో కలిపే ఉప్పును పొడి సముద్రం అంటుంది ఆమె, ఆ రోజు ఆ తడి వేళ్లు ఇంకోసారి నాలుకకు రాసుకుని, గిట్లుంటదా సముద్రం అనుకుంది.

పెరిగింది. ఎంత పెరిగిందంటే, ఆకు పోయి అరచెయ్యంత అయింది, సాసరంత అయింది, గోధుమ రంగు పోయి వెండి రంగు వచ్చింది, కన్ను మీదుగా నల్లటి పట్టీ వచ్చింది, విస్తరంత అయింది, చివరికి చాటంత. శనివారం నాడు ఆ ఇంట్లో రొయ్యలు కోయరు కాబట్టి పాలకూర, ఉడకబెట్టిన బఠానీలు పెట్టేది, దానికీ శనివారాలు అలవాటయ్యాయి. సాయంత్రం పూట మీద చెయ్యి పెడితే వేళ్ల కిందికి వచ్చి నిలబడేది, మెత్తగా, చల్లగా, తిరగలి పక్కన కూర్చున్న పిల్లి లాగా. కొడుకు ఫోనులో ఉంటాడు, మొగుడు వెంచర్ల మీద ఉంటాడు, ఇంట్లో తనను చూసి ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే అని పద్మమ్మ ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారు. ఇంకో సంగతి కూడా అనలేదు. అది మళ్లడానికి ఒళ్లు వంచుకోవాల్సి వస్తోందని, పైరెక్క కొస నీళ్లలో మునగక బయట ఎండుతోందని, అద్దానికి ఒరుసుకుని ముక్కు దగ్గర తెల్లగా గీరుకుపోయిందని అందరికంటే ముందు చూసింది ఆమే. చెబితే పంపాలి. పంపడం ఇష్టం లేదు, చెప్పలేదు, రోజూ ఆ తెల్లటి గీర చూస్తూ గాజులు టింగుమనిపిస్తూనే ఉంది.

పంపే మాట నరసింహ నోటి నుంచి వచ్చింది, అదీ పక్కా తప్పు కారణంతో. తమ పొలంలో లేచిన కాలనీలోనే కాకినాడ వైపు నుంచి వచ్చిన గోపాలరావు అని బ్యాంకాయన ఉన్నాడు, పేపర్ల పని మీద వచ్చి తొట్టి ముందు ఆగి, "బాతేమిటండీ బాబూ, ఇది బ్యాట్‌ఫిష్ కదా, బ్యాటంటే గబ్బిలం, గబ్బిలం చేప అన్నమాట, మావైపు వలల్లో పడుతూ ఉంటాయి" అని ముచ్చటగా చెప్పి కాఫీ తాగి వెళ్లిపోయాడు. గబ్బిలం. పాతింట్లో ఒకసారి గబ్బిలం దూరితే అత్త ఇంటికి తాళం వేయించి, శాంతి జరిగేదాకా అందరి చేతా పశువుల కొట్టంలో కాపురం పెట్టించింది, కొత్తగా కాపురానికొచ్చిన పద్మమ్మ ఎడ్ల పక్కన చాప వేసుకుని పడుకుంది. ఆ ఇంట్లో పెరిగినవాడికి, హాల్లో ఈశాన్యం మూల గబ్బిలాన్ని పెట్టుకుని కొన్నేళ్లుగా మేపుతున్నానని తెలిస్తే ఎలా ఉంటుంది? ఈ సంవత్సరం ప్లాట్లు ఎందుకు కదలడం లేదో, మోకాలు ఎందుకు వాచిందో, బోరు ఎందుకు ఎండిందో అన్నిటికీ ఒక్కసారే జవాబు దొరికింది ఆయనకు. "ఇగ దాన్ని తీసెయ్యాలె. ఎక్కడికన్న పంపు, లేకుంటె నేనే చెర్ల వడేస్త" అన్నాడు. అన్వేష్ నచ్చజెప్పబోయాడు, పేరులో ఏముంది నాయినా అన్నాడు. పద్మమ్మ గట్టిగా నిలబడితే ఆయన వినేవాడే, ఆమె మూడు పొద్దులు అలిగితే ఇల్లే మార్చిన మనిషి. కానీ ఆమె తొట్టి వైపు చూసింది, అది అప్పుడే మళ్లబోతూ ముక్కు అద్దానికి కొట్టుకుంది. చెరువులో వద్దు, బాలేష్‌ను పిలువు, పెద్ద తొట్టి ఉన్నకాడికి పంపుదాం అంది. ఆయన తన భార్య కూడా గబ్బిలానికి భయపడిందనుకున్నాడు, అనుకోనీ.

ఫోను మోగింది. రెండో మోతకు ముందే ఎత్తింది. "వదిలినమమ్మా, మంచిగనే ఉంది" అన్నాడు బాలేష్, ఆ మంచిగనే అనడంలోనే ఏదో తక్కువైంది. తిన్నదా అంది. "తింటలేదమ్మా. ఓ మూలకు పోయి నిలవడ్డది, గోడ దిక్కు మొఖం పెట్టి. రొయ్యలేసినం, పక్కన్నే వడ్డయి, సూడలే. వేరేది వచ్చి ఎగరేసుకవోయింది. పరేషాన్ గాకుండ్రి, రెండ్రోజులైతే అదే తింటది." సరే అంది పద్మమ్మ. ఫోను ఒడిలో పెట్టుకుంది. గోడ దిక్కు మొఖం పెట్టి. ఆకులాగా. కడుపు మాడ్చి పంపింది తను, పెట్టినచోట పెట్టకుండా, పిలిచిన చేత్తో పిలవకుండా, డ్రమ్ము మూత వేస్తుంటే దాని కన్ను చూసి, మొన్నటి నుంచి ఈమెకేమైందని అడుగుతున్నట్టుంటే, తల తిప్పుకుంది. అట్లాంటి చూపు ఇంకోటి ఉంది. ఎప్పుడూ అటువైపు పోనివ్వదు మనసును, ఇవాళ అదే పోయింది. పట్నంలో ఆసుపత్రి, ఆకుపచ్చ గుడ్డ కప్పిన చక్రాల మంచం, దాని మీద బాపు, సత్తయ్య, ఎడ్లను ఒక్క అదిలింపుతో ఆపగలిగిన మనిషి, పిల్లాడిలా పడుకుని ఉన్నాడు. గుండెకు ఆపరేషన్, ముందురోజు రాత్రి నుంచి నోట్లో నీటిచుక్క పడొద్దన్నారు. ఆపరేషన్ గది తలుపు దగ్గర మంచం ఆగింది, లోపల ఇంకో మనిషిని దించుతున్నారు, అంతసేపు తనూ బాపూ ఇద్దరే. "బిడ్డా, ఒక్క గుక్క చాయ్ పొయ్యరాదు. నాలిక పీకుతాంది." బాపుకు పొద్దునే చాయ్ లేకపోతే మాట పెగలదు, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఇల్లంతా వినపడేటట్టు జుర్రేవాడు. కింద క్యాంటీన్లో నింపిన ఫ్లాస్కు ఆమె చేతి సంచిలోనే ఉంది. వద్దన్నరు బాపు, బయటికొచ్చినంక తాగుదువు, ఫ్లాస్కు నిండ ఉంది అంది. ఆయన తల పక్కకు తిప్పి గోడ వైపు చూశాడు. అలగలేదు, కోప్పడలేదు, అంతే, గోడ వైపు చూశాడు. తలుపు తెరిచారు, మంచం లోపలికి పోయింది, బాపు బయటికి రాలేదు.

డాక్టర్లు సరిగ్గానే చెప్పారు, తను సరిగ్గానే చేసింది, తమ్ముడూ అన్నాడు, అందరూ అన్నారు, ఆమెకూ తెలుసు. పెత్రమాసకు, పోయిన పెద్దలకు పెట్టే నాడు, తమ్ముడు బాపు ఫొటో ముందు అన్నం, మాంసం, కల్లు అన్నీ పెడతాడు, చాయ్ పెట్టాలని వాడికెవరు చెబుతారు, ఆ తలుపు దగ్గర ఉన్నది తనొక్కతే కదా. పద్మమ్మ చాయ్ మానేసింది ఆ రోజు నుంచి. ఇంట్లో గ్యాసు అని చెప్పింది, చుట్టాలకు షుగర్ అని చెప్పింది, పొద్దున్నే మొగుడికీ కొడుక్కీ పెడుతూ ఆ వాసనకు మొహం పక్కకు తిప్పుకుంటుంది. తినకుండా పోయినవాళ్లకు అక్కడెవరు పెడతారు? ఎక్కడని అడిగితే ఆమెకేం తెలుసు, అక్కడ. అక్కడివాళ్లకు తెలియాలి కదా ఈయనకు సాసర్లో పోయాలని, ఊదుకోవడానికి టైమివ్వాలని. పేరు పెట్టి పిలవాలి, అలవాటైన చప్పుడు చెయ్యాలి, కొత్త ఇంట్లో పిల్లలకైనా అంతే కదా, గోడ వైపు తిరిగి పడుకున్నవాణ్ని తినరా అంటే తింటాడా.

అలవాటైన చప్పుడు. పద్మమ్మ తన చేతి వైపు చూసుకుంది. ఫోను తీసి బాలేష్‌కు కొట్టింది. "గాజు కొట్టు" అంది. అతనికి అర్థం కాలేదు. "మట్టిగాజుతోని తొట్టి మీద కొట్టు. రెండుపార్ల. ఆగు. మళ్ల రెండుపార్ల. అప్పుడు రొయ్య పెట్టు, ఎయ్యకు, చేతిల పట్టుకో." "అమ్మా, గ్లాసు ముట్టొద్దని ఇక్కడ బోర్డే పెట్టిన్రు. చేపలు బెదురుతయని నేనే గదమ్మా నీకు మస్తుసార్ల చెప్పిన." చెప్పినవ్, నేనిన్నానా అంది పద్మమ్మ. "మరి గాజులు యాడికెళ్లి తేవాలె, అందరం మొగోళ్లమే ఉన్నం." ఊడ్చేవాళ్లు లేరా అక్కడ? ఉన్నారు, వజ్రమ్మ అని. "ఆమెకియ్యి ఫోన్." వజ్రమ్మ ఎవరో, ఏ ఊరో, పద్మమ్మ ఆమెను చూసింది లేదు, కానీ ఫోనులో రెండు మాటలకే ఆమె అంది, "మట్టిగాజులే అక్కా, బోనాలకు ఏసుకున్నయి, ఉన్నయి. ఎట్ల కొట్టాల్నో కొట్టి ఇనిపియ్యి." పద్మమ్మ లేచింది. ఖాళీ తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి, లోపల ఎవరూ లేని నీళ్ల మీద, టింగు టింగుమని రెండుసార్లు కొట్టింది, ఆగింది, మళ్లీ రెండుసార్లు కొట్టింది. ఇది కొడుతుంటే ఎదురొచ్చేది ఏదీ లేక ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అటునుంచి వినిపించింది, దూరంగా, కొంచెం మందంగా. టింగు టింగు. ఆగింది. టింగు టింగు. ఎవరో నిచ్చెన మీద కాలు మార్చారు. నీళ్ల చప్పుడు. బాలేష్ ఊపిరి వినిపిస్తోంది, అతనూ చూస్తున్నాడు. "తిరిగిందమ్మా" అన్నాడు మెల్లగా. పద్మమ్మ కళ్లు మూసుకుంది. "వస్తాంది… వేరేదాన్ని నెట్టేసి వస్తాంది… ఆగుండ్రి." చాలాసేపు ఏమీ లేదు, నీళ్లు తప్ప, ఆ నీళ్లకు లోతు ఉన్నట్టు వినిపించింది ఆమెకు. తర్వాత వజ్రమ్మ గొంతు, ఫోనుకు కాదు, చేపకే చెబుతున్నట్టు, తిను బిడ్డా తిను అంటోంది. "తిన్నది" అన్నాడు బాలేష్. "చేతిలకెల్లి తీస్కొని తిన్నది. ఇంకోటి అడుగుతాంది." పెట్టుండ్రి అంది పద్మమ్మ, శనివారం నాడు పాలకూర పెట్టమని కూడా చెప్పాలనుకుంటూనే ఫోను పెట్టేసింది.

వంటింట్లోకి వెళ్లి స్టవ్ మీద గిన్నె పెట్టింది. నీళ్లు, పాలు, చాయ్‌పత్తి, చక్కెర, చెయ్యి మరిచిపోలేదు, రోజూ చేసే పనే కదా, అల్లం దంచి వేస్తే పొంగుతూ ఇల్లంతా వాసన. ఆ వాసనకే కాబోలు నరసింహ లేచి వచ్చాడు, కళ్లు నలుపుకుంటూ, హాల్లో ఖాళీ తొట్టిని ఓసారి చూసి, తృప్తిపడి, గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె సాసర్ తీయడం చూసి నమ్మలేదు. "నువ్వు తాగుతున్నవా చాయ్? గ్యాస్ అంటివి? ఒక్కపొద్దు ఇడిసినవా?" ఇడిసిన అంది. "ఇంతకు ఎవరి పేరు మీద పట్టినవో చెప్పకపోతివి."

పద్మమ్మ చాయ్ సాసర్లో పోసింది, అంచు దాకా, కొంచెం కింద ఒలికింది. ఒకసారి ఊదింది. "బాపు పేరు మీద" అని, చల్లారకముందే తాగేసింది, ఇల్లంతా వినపడేటట్టు.